చిన్న నావ, పెద్ద నావ

ఒకే జాతికి చెందిన రెండు వస్తువులు మన యెదుట నున్నవి. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. వానిలో నేది మేలైనదని యడిగినచో చాలమంది పెద్దదానివైపే వ్రేలు చూపుదురు. పెద్ద యిల్లు, పెద్ద చెఱువు, పెద్ద యెద్దు, ఇవి యన్నియు చిన్నవానికన్న మేలని తలచుట లోకసహజము. కాని సముద్రము ఈ తీర్పును అంత సులభముగ నంగీకరింపదు. కడలిమీద నొక నావ పనికివచ్చునా రాదా యనునది దాని పొడవునుబట్టి మాత్రమే నిర్ణయమగునది కాదు. దాని యంగములు ఒకదానితో నొకటి యెట్లు పొందియున్నవి? అది యే పనికై నిర్మింపబడినది? దానిని నడుపువారెవరు? ఈ ప్రశ్నలకు సమాధానము తెలిసిననే గాని నావయొక్క యోగ్యత తెలియదు.

ఈ సత్యమును గ్రహించుటకు ఇంగ్లండు దేశమున ఒకే నిర్మాణశాలలో, నాలుగైదేండ్ల యెడముతో పుట్టిన రెండు తెరచాప నావలను పోల్చి చూతము. వాని పేర్లు కాంటెస్సా 26, కాంటెస్సా 32. ఇటలీ భాషలో కాంటెస్సా యనగా ప్రభువంశపు స్త్రీ యని యర్థము. పేరు చివరనున్న అంకె నావ పొడవును అడుగులలో సుమారుగ తెలుపును. ఇవి సరకులు మోయు నావలు గావు. చేపలు పట్టు పడవలును గావు. కొలదిమంది మనుష్యులు దినముల తరబడి, ఒక్కొక్కప్పుడు మాసముల తరబడి, సముద్రముమీద నివసించుచు దేశదేశములు తిరుగుటకై యేర్పడిన యాత్రానావలు. పండుకొనుటకు పడకలు, వండుకొనుటకు చిన్న పొయ్యి, మంచినీటి తొట్టి, పటములు పఱచుకొనుటకు బల్ల, ఇవి యన్నియు వాని కడుపులోనే యమరియుండును. రేవులోనికి వచ్చునపుడును పోవునపుడును ఉపయోగించుటకు చిన్న యంత్రము కూడ నుండవచ్చును. కాని నడిసముద్రమున వానిని నడుపునది గాలియే.

ఈ రెండు నావలును కొయ్యతో కట్టినవి కావు. ఫైబర్‌గ్లాసు అను పదార్థముతో పోతపోసినవి. దీనిని గాజునార యని మనము చెప్పుకొనవచ్చును. గాజును కరగించి వెండ్రుకకన్న సన్నని పోగులుగ తీసి, ఆ పోగులతో గుడ్డవలె చాపలు నేయుదురు. గాజు పెళుసైనదని మన మెఱుగుదుము. కాని అది సన్నని పోగైనపుడు లాగుడుకు మిక్కిలి తట్టుకొనును. అయితే పోగులు ఒంటరిగ నున్నచో వంగిపోవును. అందుచే వానిని రెసిన్ అను జిగురు ద్రవముతో తడిపి గట్టిపఱుతురు. ఆరిన పిదప ఆ రెండును కలసి యొకే గట్టి పలకయగును. మట్టిగోడ కట్టునపుడు మన పెద్దలు అడుసులో గడ్డినో నారనో కలిపి తొక్కించుటకు కారణ మిదియే. అడుసు ఆకారము నిచ్చును. నార పగుళ్లు రాకుండ పట్టియుంచును.

నావ చేయు విధానము కూడ తెలిసికొనదగినది. ముందుగ నావ వెలుపలి యాకారమునకు సరిపోవునట్లు లోతైన అచ్చును సిద్ధము చేయుదురు. ఆ యచ్చు లోపలి గోడలకు నున్నని రంగుపూత పూసి, దానిపైన గాజునార చాపలను ఒకదానిమీద నొకటి పఱచుచు, ప్రతి పొరకును రెసిన్ పట్టించుచు, గాలి బుడగలు మిగులకుండ చేతితో గట్టిగా రుద్దుదురు. అంతయు గట్టిపడిన పిదప అచ్చునుండి వెలికి తీసినచో, అతుకులేని నావయొడలు సిద్ధమగును. కొయ్యనావను కట్టుటకు ఆఱితేరిన వడ్రంగులు మాసముల తరబడి పని చేయవలెను. అచ్చు ఒకసారి సిద్ధమైనచో దానినుండి ఒకే రూపముగల నావలను వందలకొలది తీయవచ్చును. ధనవంతులకే దక్కుచుండిన సముద్రయానము సామాన్య కుటుంబములకు కొంతవఱకు అందుబాటులోనికి వచ్చుటకు ఇది ముఖ్యకారణము. రెండవ ప్రపంచ యుద్ధానంతరము ఈ పద్ధతి అమెరికాలోను ఐరోపాలోను శీఘ్రముగ వ్యాపించెను. ఆంధ్రతీరమున నేడు మత్స్యకారులు నడుపు ఫైబరు పడవలు కూడ ఈ పదార్థముతో చేసినవే.

ఇక మన రెండు నావల పుట్టుకను గూర్చి తెలిసికొందము. వానికి మూలపురుషుడు, లేక మూలమాత యనవచ్చును, స్వీడను దేశపు ఫోక్‌బోటు. ఫోక్‌బోటనగా జనుల పడవ. తక్కువ వెలలో సామాన్యులకు దొరకునట్టియు, సముద్రమునకు తట్టుకొనునట్టియు నొక చిన్న నావకు రూపము గీయుడని స్కాండినేవియా దేశములలో నొక పోటీ పెట్టిరి. వచ్చిన చిత్రములలో నేయొక్కటియు సంపూర్ణముగ నచ్చక, కొన్నిటిలోని మంచి గుణములను కలిపి 1942లో ఈ పడవను రూపొందించిరి. అది సుమారు 25 అడుగుల పొడవుగల కొయ్యపడవ. ఇంగ్లండు దక్షిణతీరమునందలి లిమింగ్టను పట్టణమున జెరెమీ రోజర్సు అను నావానిర్మాత ఈ తరగతి పడవలను కట్టుచుండెను. ఆ రూపమునే యాధారముగ చేసికొని డేవిడ్ సాడ్లరు అను రూపకర్త గీసిన చిత్రమునుబట్టి, 1966 ప్రాంతమున రోజర్సు గాజునారతో కాంటెస్సా 26ను నిర్మించెను. అది జనుల మెప్పు పొందెను. పిమ్మట కెనడా దేశమునందు కూడ ఆ తరగతి నావలు తయారయ్యెను. కొంతకాలమునకు, ఇదేవిధమైన నావ మఱికొంత పెద్దదిగ నున్న బాగుండునని కోరువారు బయలుదేరిరి. వారికొఱకు అదే రూపకర్త, అదే నిర్మాత కలసి కాంటెస్సా 32ను సృష్టించిరి. 1972లో లండను నగరమున జరిగిన పడవల ప్రదర్శనమున అది ఉత్తమనావగ నెన్నికయ్యెను. ఏడువందలకు పైగ కాంటెస్సా 32 నావలు నిర్మింపబడినవి.

వీని కొలతలను చూతము. చిన్ననావ పొడవు 25 అడుగుల 6 అంగుళములు. వెడల్పు 7 అడుగుల 6 అంగుళములు. నీటిలో దిగు లోతు 4 అడుగులు. బరువు సుమారు 2,450 కిలోగ్రాములు. పెద్దనావ పొడవు 32 అడుగులు. వెడల్పు 9 అడుగుల 6 అంగుళములు. లోతు 5 అడుగుల 6 అంగుళములు. బరువు సుమారు 4,310 కిలోగ్రాములు. ఈ యంకెలను ఊరక చదివి విడిచిపెట్టక కొంచెము ఆలోచింతము. పొడవులో పెద్దది చిన్నదానికన్న నాలుగవ వంతు మాత్రమే యెక్కువ. కాని బరువులో మూడు పాళ్లు అధికము; అనగా చిన్ననావ బరువు నాలుగు పాళ్లయినచో పెద్దనావ బరువు ఏడు పాళ్లు. ఇట్లెందుకైనది? వస్తువు పొడవు పెరిగినపుడు దానితోపాటు వెడల్పును లోతును గూడ పెరుగును. మూడును కలసి గుణింపబడుటచే లోపలి చోటును బరువును పొడవుకన్న నెంతో వేగముగ పెరుగును. ప్రక్క రెట్టింపైన ఘనమునకు ఘనపరిమాణము ఎనిమిది రెట్లగునని గణితమున చదివియున్నారు గదా! ఆ సూత్రమే ఇక్కడను పనిచేయుచున్నది. నావ వెలయు, దానిని కాపాడు ఖర్చును కూడ పొడవువెంట గాక బరువువెంటనే నడచును. ఆఱడుగుల పొడవు పెంచుకొనుట చిన్న మార్పుగ తోచినను, కొనువాని సంచికి అది చిన్న మార్పు కాదు.

ఇంత బరువు పెరిగినందుకు వేగ మెంత పెరిగినది? ఇచ్చట నొక వింత గలదు. నీటిలో పోవు నావ తనవెంట నొక కెరటమును పుట్టించుకొనుచు పోవును. వేగము హెచ్చినకొలది ఆ కెరటము పొడవగును. కెరటము పొడవు, నీటిని తాకుచున్న నావ పొడవు సమానమైనపుడు, నావ తాను పుట్టించిన పల్లములోనే చిక్కుకొన్నట్లగును. అంతకు మించి పోవలెనన్న తన కెరటమును తానే యెక్కవలెను. బరువైన నావల కది సాధ్యము కాదు. నీటిరేఖ పొడవును అడుగులలో తీసికొని, దాని వర్గమూలమును 1.34 చే గుణించినచో, ఆ నావ గంటకు ఎన్ని నాటికల్ మైళ్లు పోగలదో సుమారుగ తెలియును. నాటికల్ మైలనగా 1,852 మీటర్లు. చిన్ననావ నీటిరేఖ సుమారు 21 అడుగులు. పెద్దదానిది 24 అడుగులు. పెద్దనావ ముందుకొనయు వెనుకకొనయు నీటికి పైన చాచియుండుటచే, మొత్తము పొడవులోనున్నంత తేడా నీటిరేఖలో లేదు. లెక్కవేసినచో చిన్నదాని గరిష్ఠవేగము గంటకు 6.1 మైళ్లు, పెద్దదానిది 6.6 మైళ్లు. భేదము అరమైలైనను లేదు! ఎంత మంచి గాలి వీచినను పెద్దనావ ఒక దినమున సాధించు అధికదూరము పండ్రెండు మైళ్లకు మించదు.

అట్లయిన పెద్దనావవలన ప్రయోజన మేమని మీరడుగవచ్చును. ప్రయోజనము వేగమున గాక, భారము మోయుటయందును, కెరటములను ఎదుర్కొనుటయందును గలదు. దూరయాత్రకు బయలుదేరువారు నీరు, ఆహారము, నూనె, త్రాళ్లు, పనిముట్లు, అదనపు తెరచాపలు తీసికొనిపోవలెను. ఇవి 500 కిలోగ్రాములైనవనుకొందము. చిన్ననావకు అది తన బరువులో అయిదవ వంతు. పెద్దనావకు ఎనిమిదవ వంతుకన్న తక్కువ. అదే మూట పిల్లవాని నెత్తిమీద నున్నప్పుడొక విధముగను, పెద్దవాని నెత్తిమీద నున్నప్పుడొక విధముగను ఉండును గదా. భారము మించిన చిన్ననావ నీటిలో దిగబడి, బద్ధకముగ కదలుచు, కెరటములు పైనుండి దొర్లిపోవుటకు చోటిచ్చును. అందుచే చిన్ననావ నెక్కినవాడు ప్రతివస్తువును రెండుమారులు ఆలోచించి లోనికి తీసికొనవలెను. ఎదురుగాలిలో పొట్టి కెరటములు వచ్చునపుడు కూడ తేలికనావ ప్రతి దెబ్బకును ఆగి యాగి పోవును. బరువైనది ఆ దెబ్బలను చీల్చుకొని సాగును. రాత్రింబవళ్లు ఊగుచుండు నావలో మనుష్యులు అలసిపోవుదురు. అలసిన నావికుడు పొరపాట్లు చేయును. కావున నావ ఊగుట తగ్గుట సుఖముకొఱకే గాక ప్రాణరక్షణకొఱకును అవసరమే.

నావల యడుగుభాగమును చూచినచో మఱొక భేదము కనబడును. తెరచాప నావ యడుగున నిలువుపలకవలె నీటిలోనికి దిగియుండు భాగమును కీల్ అందురు. గాలి ప్రక్కనుండి వీచినపుడు నావ ప్రక్కకు కొట్టుకొనిపోకుండ పట్టుట దాని మొదటి పని. సీసము వంటి బరువైన లోహమును కడుపులో దాచుకొని, ఒరిగిన నావను తిరిగి నిలబెట్టుట రెండవ పని. చిన్ననావ కీల్ పాతకాలపు కొయ్యనావలందువలె పొడవైనది. నావ యడుగున చాలభాగము వ్యాపించి వెనుకకు సాగియుండును. చుక్కాని దాని చివరనే తగిలింపబడి, వెనుకగోడవెంట పైకి వచ్చును. ఇట్టి నావ చక్కని గీటువెంట పోయినట్లు తిన్నగ పోవును. నావికుడు చుక్కాని పిడిని కొంతసేపు విడిచినను దారి తప్పదు. నీటిలో తేలు దుంగయో త్రాడో అడ్డుపడినను చుక్కాని దెబ్బతినుట యరుదు. కాని ఇఱుకైన రేవులలో తిరుగుటకు అది మొండికేయును. పెద్దనావ కీల్ పొట్టిది, లోతైనది. చుక్కాని దానికి దూరముగ వెనుక నుండును; ఐనను అది నిరాధారముగ వ్రేలాడక, ముందు ఒక గట్టి పలక యండగ నుండును. అందుచే పెద్దనావ చుఱుకుగ తిరుగును. గాలికి ఎదురుగ మఱింత చక్కగ పోగలదు. అయితే దానికి ఎక్కువ లోతునీరు కావలెను. నాలుగున్నర అడుగుల నీరున్న చోట చిన్ననావ హాయిగ తేలును. పెద్దనావ నేల తాకి నిలిచిపోవును.

నడుపువాని బలమును కూడ లెక్కలోనికి తీసికొనవలెను. గాలివేగము రెట్టింపైనచో తెరచాపపై దాని యొత్తిడి నాలుగు రెట్లగును. పెద్దనావకు పెద్ద తెరచాపలు, పెద్ద తెరచాపలకు పెద్ద యొత్తిడి, ఆ యొత్తిడికి లావు త్రాళ్లు, ఆ త్రాళ్లను బిగించుటకు గట్టి మరచక్రములు కావలెను. లంగరు కూడ బరువైనదగును. గాలివాన హఠాత్తుగ వచ్చినపుడు చిన్ననావ తెరచాపను ఒక్కరు దింపి కట్టగలరు. పెద్దనావలో ఆ పని యొక్కరికి సాధ్యమే గాని, బలమును నేర్పును అధికముగ కావలెను. లోపలి సౌకర్యము విషయమున మాత్రము పెద్దనావదే పైచేయి. చిన్ననావలో పొడగరి తల వంచక నిలువజాలడు. ఇద్దరున్నచో ఒకరు లేచుటకు మఱొకరు జరుగవలెను. పెద్దనావలో ఒక చిన్న కుటుంబము దినములకొలది కాలము గడపవచ్చును.

ఇంతవఱకు లెక్కలు చూచితిమి. లెక్కలు చెప్పినది నిజమా యనునది సముద్రమునే యడుగవలెను. చిన్ననావ పక్షమున సాక్ష్యము చెప్పినది తాన్యా ఏబీ అను బాలిక. ఈమె అమెరికాలోని న్యూయార్కు నగరవాసిని. పదునెనిమిదేండ్ల వయసున ఆమె తండ్రి ఆమె ముందు రెండు మార్గము లుంచెను: కళాశాలలో చేరి చదువుకొనుట, లేక ఒక నావలో ఒంటరిగ ప్రపంచమును చుట్టివచ్చుట. ఆమె రెండవదానిని కోరుకొనెను. కెనడాలో తయారైన కాంటెస్సా 26 నొకదానిని తండ్రి కొనియిచ్చెను. ఆ నావకు పెట్టిన పేరు వరుణ! మన పురాణములయందు జలాధిపతియైన వరుణదేవుని పేరది. 1985 మే నెలలో న్యూయార్కు విడిచినప్పుడు ఆమెకు దీర్ఘసముద్రయానమున అనుభవము మిక్కిలి తక్కువ. సూర్యనక్షత్రములను సెక్స్‌టంటు అను పరికరముతో చూచి తానున్న చోటును లెక్కించుటను దారిలోనే బాగుగ నేర్చుకొనవలసివచ్చెను. ఆమె పనామా కాలువ దాటి, పసిఫిక్ మహాసముద్రముమీదుగ ఆస్ట్రేలియా చేరి, హిందూ మహాసముద్రమున శ్రీలంకను తాకి, ఎఱ్ఱసముద్రము, మధ్యధరాసముద్రము గడచి, 1987 నవంబరు నెలలో న్యూయార్కు తిరిగివచ్చెను. అప్పటి కామె వయసు ఇరువదియొక్క సంవత్సరములు.

ఆమె ప్రయాణములోని ఒక భాగమును ఊహించి చూడుడు. పసిఫిక్ సముద్రమున గాలపాగస్ దీవులనుండి మార్కెసస్ దీవులకు సుమారు 3,000 నాటికల్ మైళ్లు. గంటకు నాలుగున్నర మైళ్ల చొప్పున ఎడతెగక పోయినను, ఆ దూరము గడచుటకు నాలుగు వారములు పట్టును. ఆ కాలమంతయు ఒక చిన్న గదికన్న పెద్దదికాని నావలో, కంటి కే భూమియు కానరాక, ఒక్క మనిషి యుండవలెను. అట్టి స్థితిలో ఆమె ఒంటరిచేతులకు లొంగునంత చిన్నది యగుటయే ఆ నావకు గల గొప్పగుణము. పెద్దనావ యైనచో సుఖ మధికముగ నుండెడిది. కాని పని కూడ అధికముగనే యుండెడిది. ఆమె బలమునకు, ఆమె యవసరమునకు సరిపడిన నావయే ఆమెకు మేలైన నావ.

పెద్దనావ పక్షమున సాక్ష్యము మఱింత కఠినమైనది. ఇంగ్లండు దక్షిణమున వైట్ దీవినుండి బయలుదేరి, ఐర్లండు తీరముచెంత నున్న ఫాస్ట్‌నెట్ అను రాతిదీవిని చుట్టి తిరిగివచ్చు తెరచాప నావల పందెము రెండేండ్ల కొకమారు జరుగును. 1979 ఆగస్టులో జరిగిన పందెమున 303 నావలు పాల్గొనెను. ఆగస్టు 13వ తేదీ రాత్రి భయంకరమైన తుపాను వారిని చుట్టుముట్టెను. కెరటములు కొండలవలె లేచి నావలను తలక్రిందులు చేసెను. కొన్ని నావల తెరచాపకొయ్యలు విరిగెను. కొన్నిటి చుక్కానులు ఊడిపోయెను. 24 నావలను నావికులు విడిచిపెట్టవలసివచ్చెను. వానిలో 5 మునిగిపోయెను. పందెములో పాల్గొన్న 15 మంది ప్రాణములు కోల్పోయిరి. పందెమును పూర్తిచేసిన నావలు తొంబదికి లోపే. వానిలో అన్నిటికన్న చిన్ననావల తరగతికి చెందినది ఒకటే యొకటి. అది అసెంట్ అను పేరుగల కాంటెస్సా 32. ఒకచోట పెద్దదైన మన నావ మఱొకచోట చిన్నవానిలో నొకటి! పెద్ద, చిన్న యనునవి పోల్చిచూచునపుడు వచ్చు మాటలే గాని స్థిరమైన గుణములు కావని ఇందువలన తెలియుచున్నది.

తుపాను పిమ్మట నిపుణులు ఈ విపత్తునకు కారణములను విచారించిరి. ఆ విచారణలో కాంటెస్సా 32ను, ఆ కాలపు తేలికపాటి పందెపునావ నొకదానిని ప్రక్కప్రక్కన ఉంచి లెక్కలు వేసిరి. నావ ఎంతవఱకు ఒరిగినను తిరిగి తనంత తాను నిలువగలదో ఆ లెక్క తెలుపును. తెరచాపకొయ్య నీటిని తాకునట్లు ఒరిగినచో అది 90 డిగ్రీలు. పూర్తిగ తలక్రిందులైనచో 180 డిగ్రీలు. ఆ పందెపునావ సుమారు 117 డిగ్రీలు దాటినచో తలక్రిందులుగనే నిలిచిపోవు స్వభావము గలది. కాంటెస్సా 32 సుమారు 155 డిగ్రీలవఱకు ఒరిగినను తిరిగి లేవగలదు. పూర్తిగ బోర్లపడినను, తరువాతి కెరటపు తాకిడి కొంచెము తగిలిన చాలును, మరల నిలబడును. దీనికి కారణము రెండు. మొదటిది, దాని మొత్తము బరువులో నూటికి 47 వంతులు అడుగుననున్న కీల్‌లోనే యున్నది. చిన్ననావయందు కూడ ఈ భాగము నూటికి 42కు పైగ నుండుట గమనింపదగినది. రెండవది, నావ సన్నముగ నుండుట. వెడల్పైన బల్ల నీటిపై నిటారుగ ఎంత నిలకడగ తేలునో, తిరగవేసినను అంత నిలకడగనే తేలును. సన్నని నావ త్వరగ ఒరుగును. కాని ఒరిగినదానికన్న త్వరగ లేచును. వెడల్పు తగ్గించుటచే లోపలి చోటు తగ్గినది, ఎదురుగాలిలో నావ ఎక్కువగ ఒరుగుచు పైకి నీరు చిందించుకొనుచున్నది. ఆ సుఖమును వదలుకొని రూపకర్త ఈ రక్షణను సంపాదించెను. ఏ గుణమైనను ఊరక రాదు. మఱియొక గుణమును వెలగ చెల్లించియే దానిని కొనవలెను. ఆ బేరమున దేనిని వదలవచ్చునో, దేనిని వదలరాదో తెలిసినవాడే నిపుణుడు. అసెంట్ నావ యజమాని విల్లీ కెర్ అను సాహసి పిమ్మట అదే నావలో ఉత్తరమున గ్రీన్లండు మంచుసముద్రములకును, దక్షిణమున అంటార్కిటికా వఱకును యాత్రలు చేసెను.

అట్లని ఈ నావలు దోషరహితములని తలంపరాదు. గాజునారకు చెదలు పట్టదు, కుళ్లు పట్టదు. కాని దీర్ఘకాలము నీటిలో నున్నచో ఆ నీరు పైపూతలోనికి మెల్లగ నింకి, నావ యొంటిమీద పొక్కులు లేపును. వానిని గీకి, ఆరబెట్టి, మరల పూత పూయవలెను. కొయ్యనావ ముదిసి మట్టిలో కలసిపోవును. గాజునార నావ అట్లు కలిసిపోదు. పనికిరాని పాతనావలను ఏమి చేయవలెననునది నేటి తీరదేశములకు చిక్కు ప్రశ్నగ నున్నది. ఐనను తొలినాళ్ల నిర్మాతలు ఈ క్రొత్త పదార్థమును పూర్తిగ నమ్మక పొరలు దట్టముగ వేయుటచే, ఆ కాలపు నావలలో చాల భాగము అర్ధశతాబ్దము గడచినను గట్టిగ నిలిచియున్నవి.

గాజునార నావతో ప్రపంచమును చుట్టిన కీర్తి మన తెలుగు నాటికిని దక్కినది. భారత నౌకాదళమునకు చెందిన తారిణి యను తెరచాప నావ గోవాలో నిర్మింపబడినది. కొయ్యను నడుమ నుంచి రెండువైపుల గాజునార పొరలు వేసి దానిని చేసిరి. సంస్కృతమున తారిణి యనగా దాటించునది యని యర్థము. దాని పొడవు 55 అడుగులు. ఆఱుగురు మహిళాధికారులు 2017 సెప్టెంబరు 10వ తేదీన గోవానుండి బయలుదేరి, 254 దినములలో ప్రపంచమును చుట్టి, 2018 మే 21వ తేదీన తిరిగి గోవా చేరిరి. వారిలో విశాఖపట్టణమునకు చెందిన పి. స్వాతియు, హైదరాబాదునకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్యయు ఉండిరి. దక్షిణ మహాసముద్రపు ఘోరమైన కెరటములను దాటుటకును, ఆఱుగురికి చోటు కల్పించుటకును వారికి అంత పెద్దనావ కావలసియుండెను. వరుణకు సరిపోయిన కొలత తారిణికి చాలదు. తారిణికి తగిన తెరచాప వరుణలోని యొంటరి బాలికకు మోయరాని బరువు.

కావున చిన్ననావ మేలా, పెద్దనావ మేలా యని ఎవరైన నడిగినచో, వెంటనే సమాధానము చెప్పరాదు. ప్రయాణ మెక్కడికి? ఎందఱు పోవుదురు? వారి బలమెంత, ధనమెంత, అనుభవమెంత? అని ముందుగ మనమే యడుగవలెను. కాంటెస్సా 26, కాంటెస్సా 32 అను రెండు నావలును పొడవులో వేఱైనను ఒక గుణమున సమానములు. తమ పనికి మించిన యాడంబరమును అవి ధరింపలేదు. తమ పనికి కావలసిన బలమును అవి తగ్గించుకొనలేదు. వాని బరువులో దాదాపు సగము, ఎవరికిని కానరాక, నీటి క్రింద నున్నది. ఎండవేళ చూచువారికి తెల్లని తెరచాపయే కనబడును. తుపాను రాత్రి నావను నిలబెట్టునది మాత్రము ఆ కానరాని బరువే.